రాలే జుట్టుకు మూడు నెలల కిందటి కారణం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కాన్పయి నాలుగు నెలలైంది. దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా వస్తున్నాయి. బాత్‌రూం జాలీ నిండిపోతోంది. నూనె సరిగ్గా పెట్టుకోకనే ఇట్లయిందని మా అత్తమ్మ అంటున్నది. బోడినెత్తి అయితదేమోనని భయంగా ఉంది.
– దేవరకొండ

జవాబు: బోడినెత్తి కాదు, తప్పు నూనెదీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉంటుంది. రాలాల్సిన వెంట్రుకలను కూడా అది పట్టి ఉంచుతుంది. ఆ నెలల్లో మీ జడ లావెక్కే ఉంటుంది, గుర్తు చేసుకోండి. కాన్పవగానే ఆ హార్మోన్ పడిపోతుంది. ఆగిన వెంట్రుకలన్నీ ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలలు అట్లాగే ఉండి అప్పుడు ఊడతాయి. టైఫాయిడ్, డెంగీ, పెద్ద ఆపరేషన్, తిండి మానేసి గబగబా బరువు తగ్గడం, వీటి తర్వాత రాలేదీ ఇదే లెక్కన. జనం మొన్న మార్చిన షాంపూను తిడతారు గానీ, మూడు నెలల కింద ఒంటికి ఏం జరిగిందో గుర్తు చేసుకోరు.

రాలిన వెంట్రుకను వెలుతురుకు పట్టి చూడండి. ఒక కొసన గసగసాల గింజ కన్నా చిన్న తెల్ల బొడిపె ఉంటే, అది వయసు తీరి కుదురు నుంచి ఊడింది. బొడిపె లేకుంటే మధ్యలో తెగింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం ఎవరికైనా మామూలే. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్లకు, జడలో చిక్కుకున్నవన్నీ ఆ పూటే బయటపడి గుండె గుభేలుమంటుంది. బిడ్డకు ఏడాది నిండేనాటికి చాలామందికి సర్దుకుంటుంది. నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకొని కనిపిస్తే కొత్తవి మొలుస్తున్నట్టే. నెలకు దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతాయి కాబట్టి జడలో కలవడానికి ఏడాది పైనే పడుతుంది.

రక్తం తక్కువుంటే మాత్రం ఈ రాలడం సాగుతూనే ఉంటుంది. బాలింతకు కారప్పొడి, ఎల్లిపాయ, అన్నంతోనే నెలలు గడిపించే పథ్యం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. వెంట్రుకంటేనే ప్రొటీన్. రోజూ ఒక గుడ్డు, గిన్నెడు పప్పు, పిడికెడు పల్లీలు కడుపులో పడాలి. తోటకూర, మునగాకు వండినప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసం తినేవాళ్లయితే వారానికోసారి కార్జం మంచిది. సబ్‌సెంటర్‌లో ఇచ్చే ఐరన్ మాత్ర (60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్) కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. మలం నల్లగా వస్తోందని చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. ఆ మాత్రకు నలుపు మామూలే. చాయ్‌తో మింగొద్దు, గంట ఎడమియ్యండి. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రక్త పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 ఉన్నా, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడమూ అరుదు కాదు. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. లేకుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు.

ప్రశ్న: ఫ్లోరిన్ నీళ్లకే మా ఊళ్లో అందరి జుట్టు ఊడుతున్నదంటారు. నిజమేనా?
– మునుగోడు మండలం

జవాబు: ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకు, ఎముకలకు. మీ వైపు దాన్ని తరాలుగా చూసినవాళ్లే. లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన నీళ్లు తాగొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. జుట్టు దగ్గర అనుమానించాల్సింది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను. సబ్బుతో కలిసి అవి తెట్టు కడతాయి. వెంట్రుక గరుకెక్కి, చిక్కుపడి, దువ్వుతుంటే తెగుతుంది. కుదురు మాత్రం క్షేమమే. సీసాలో సగం బోరు నీళ్లు పోసి, కొంచెం సబ్బు వేసి గిలక్కొట్టండి. నురగ రాక నీళ్లు పాలలా తెల్లబడితే మీవి ఉప్పు నీళ్లే. తలకు సబ్బు మానేసి షాంపూ గానీ కుంకుడు రసం గానీ వాడండి. చివరి రెండు చెంబులు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోసుకోండి.

ప్రశ్న: నా వయసు 26. కంపెనీ డ్యూటీకి రోజూ హెల్మెట్ పెట్టుకొని బైక్ మీద పోతా. కణతల దగ్గర, నడినెత్తిన పలచబడ్డది. నాన్నది బట్టతల కాదు. తలకు రాసే మినాక్సిడిల్ మందు నెల వాడితే ఇంకా ఎక్కువ రాలింది, ఆపేసిన.
– జడ్చర్ల

జవాబు: హెల్మెట్‌ను వదిలేయకండి, దాని తప్పేం లేదు. చెమటకు చుండ్రు పెరిగితే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు పట్టించి, ఐదు నిమిషాలుంచి కడగండి. కణతల దగ్గర వెనక్కి పోవడం, నడినెత్తిన గుండ్రంగా పలచబడటం మగవాళ్ల బట్టతల గుర్తులు. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు అక్కడి కుదుళ్లు లొంగి, ఏటేటా సన్నటి వెంట్రుకను మొలిపిస్తాయి. ఇది అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రావచ్చు. మీ మేనమామల నెత్తి కూడా చూడండి.

మీరు సరిగ్గా ఆపకూడని చోట ఆపారు. మొదటి ఆరు వారాల్లో పాత వెంట్రుకలను తోసేసి కొత్తవి రావడం వల్ల రాలుడు పెరుగుతుంది. 5 శాతం మినాక్సిడిల్ మందు, ఒక్కోసారి ఒక మి.లీ., పొద్దున, రాత్రి రాయాలి. నూనె పెట్టిన తలకు, తడి తలకు వద్దు. పాపిడి తీసి, వెంట్రుకలకు కాకుండా చర్మానికే తగిలేలా చుక్కలు వేసి, వేలితో అద్ది, చేతులు కడుక్కోండి. నాలుగు గంటల దాకా తల తడపొద్దు. పడుకోవడానికి రెండు గంటల ముందే రాస్తే దిండుకు అంటదు. నాలుగు నుంచి ఆరు నెలలు కాకుండా ఫలితం తేల్చొద్దు. ఫలితం వచ్చాక మానేస్తే, కొన్ని నెలల్లో వచ్చినవీ పోతాయి. అది కొనేముందే తెలుసుకోవాలి. గుండె దడ అనిపిస్తే ఆపి డాక్టర్‌కు చూపించండి. బట్టతలకు వాడే ఫినాస్టెరైడ్ మాత్ర చర్మ డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి, కొందరిలో లైంగిక కోరిక తగ్గుతుంది. పొడి అయిన మాత్రను కడుపుతో ఉన్న ఆడవాళ్లు ముట్టుకోకూడదు.

ప్రశ్న: 23 ఏండ్లు. పాపిడి వెడల్పవుతోంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది.
– వనపర్తి

జవాబు: జుట్టు డాక్టర్ కన్నా ముందు గైనకాలజిస్ట్‌ను కలవండి. గదుమ మీద గరుకు వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పి నెలసరి చెడే సమస్య) అనుమానం బలపడుతుంది. నెలసరి సరిచేయకుండా నూనెలు మారుస్తూ పోతే పాపిడి ఆగదు. బిగించి వెనక్కి లాగి జడ వేసే అలవాటుంటే వదులు చేయండి. నుదుటి అంచున ఏళ్ల తరబడి లాగితే కుదుళ్లు చచ్చి, తర్వాత ఏ మందుకూ మొలవవు.

ప్రశ్న: యాదగిరిగుట్టకు పోయి గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తదా?
– మిర్యాలగూడ

జవాబు: మొక్కుంటే చేయించుకోండి. కుదుళ్లు చర్మం లోపల ఉంటాయి, కత్తి పైనే ఆగిపోతుంది. కోసిన కొస మొద్దుగా ఉండి, ముట్టుకుంటే ఒత్తుగా తోస్తుంది, అంతే.

ప్రశ్న: తొమ్మిదేండ్ల బాబుకు తలలో రూపాయి బిళ్లంత పేనుకొరుకుడు. గురివింద గింజ నూరి రాయమన్నారు.
– అచ్చంపేట

జవాబు: రాయకండి. గురివిందలో అబ్రిన్ అనే విషముంది. చర్మం బొబ్బలెక్కి పుండై మచ్చ కడితే అక్కడ ఇక వెంట్రుక మొలవదు. పేనుకొరుకుడును పేనూ కొరకదు, పురుగూ కొరకదు. ఒంటి రక్షణ కణాలే కుదుళ్ల మీద పడతాయి. జుట్టు పోయిన చోటు నున్నగా ఉంటే అది పేనుకొరుకుడే. చిన్న ఖాళీలు చాలాసార్లు ఏడాదిలోపు వాటంతటవే నిండుతాయి. త్వరపడాలంటే డాక్టర్ స్టెరాయిడ్ క్రీమ్ రాస్తారు.

పొట్టు రాలుతూ, తెగిన వెంట్రుకలు నల్ల చుక్కల్లా కనిపిస్తే మాత్రం తామర. పైపూత కుదురు దాకా దిగదు కాబట్టి కొన్ని వారాల పాటు మాత్రలు వేయాల్సిందే. దువ్వెన, తువ్వాలు, టోపీ ఆ బాబుకు వేరుగా పెట్టండి. తెచ్చిన గింజలు మాత్రం ఈరోజే పిల్లల చేతికందకుండా తీసేయండి. నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది.