కెపాసిటర్లు మార్చాక ఎస్ఎంపీఎస్ కుయ్‌మంటోంది, కాయిల్‌కి జిగురు పూస్తే పోతుందా?

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇది: వెనక ఎర్ర 115/230 స్విచ్ ఉన్న పాత 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా), ఉబ్బిన కెపాసిటర్లు నాలుగు మార్పించారు, సిస్టమ్ బాగానే ఆన్ అవుతోంది. కానీ ఊరికే ఉన్నప్పుడు దోమ చెవి దగ్గర తిరిగినట్టు సన్నటి కూత, గేమ్ పెడితే తగ్గుతోంది. రిపేరుకు ముందు ఈ శబ్దం లేదు. మెకానిక్కేమో "కాయిల్ వదులైంది, జిగురు పూస్తే సరి" అన్నాడు.

ఇప్పుడే పూయించకండి. నేను పూశాను కాబట్టి చెబుతున్నా.

కావలిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉండేది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను పోయాక కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో షాపు సిస్టమ్ ఒక పొద్దున లేవలేదు. ఎస్ఎంపీఎస్ విప్పి చూస్తే ఔట్‌పుట్ వైపు మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ట్రంకు రోడ్డులో టీవీ సామాన్లు అమ్మే కొట్లో అవే విలువలు చూసి తెచ్చా: 12 వోల్టుల లైనుకు 1000 మైక్రోఫారడ్ 16 వోల్టులది ఒకటి, 5 వోల్టుల లైనుకు 2200 మైక్రోఫారడ్ 10 వోల్టులవి రెండు. వేశా, ఆన్ అయింది, మీసం మెలేశా. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మా పాప చెవులు మూసుకుని "నాన్నా, ఇదేంది కుయ్ అంటోంది?" అంది. నాకేమీ వినపడలేదు!

వయసు పెరిగేకొద్దీ మన చెవికి ముందుగా పోయేవి పైస్థాయి శబ్దాలే. పిల్లలకు 15, 16 కిలోహెర్ట్జ్ కూత గుచ్చుకున్నట్టు వినిపిస్తుంటే, యాభై దగ్గరపడిన నాబోటి వాడికి అక్కడ నిశ్శబ్దం. కాబట్టి మీ మెకానిక్ "ఇప్పుడు శబ్దం లేదు" అని సర్టిఫికెట్ ఇస్తే నమ్మకండి, ఇంట్లో పిల్లల్ని పిలవండి. లేదా ఫోన్‌లో శబ్దం స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసుకోండి. గీత ఎక్కడ లేచిందో చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. గీత 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే అది కరెంటు లైను వైపు గుర్రు: 50 హెర్ట్జ్ కరెంటును రెక్టిఫై చేస్తే అలలు రెట్టింపై 100 అవుతాయి. కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర ఉంటే అది స్విచింగ్ వైపు, అంటే ట్రాన్సిస్టర్లు వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే చోటి వ్యవహారం. అటూ ఇటూ కాకుండా గరగరమని వెడల్పుగా పరుచుకుంటే అది ఫ్యాన్. ఫ్యానయితే జాలీలోంచి ప్లాస్టిక్ పుల్లతో మధ్యభాగాన్ని ఒక్క క్షణం ఆపితే తేలిపోతుంది. రెక్కల్ని ఆపొద్దు, విరుగుతాయి. స్టిక్కరు కింద కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే ఇంకో ఏడాది లాగిస్తుంది.

ఇక నా కథ. నేనూ మీ మెకానిక్ అనుకున్నట్టే అనుకున్నా. ఔట్‌పుట్ వైపు పసుపు, తెలుపు రంగుల్లో రింగులా ఉంటుందే, తీగలు చుట్టిన కాయిల్, దానికి బాగా వార్నిష్ పట్టించి ఆరబెట్టా. కూత తగ్గింది, పాప కూడా ఒప్పుకుంది. మూడు వారాలకు కొత్త కెపాసిటర్లలో ఒకటి మళ్లీ ఉబ్బింది. అప్పుడు వెలిగింది బల్బు.

కాయిల్ కూత పెడుతోందంటే తప్పు కాయిల్‌దే అనుకోవడం మన పొరపాటు. దాన్ని ఎవరో ఊపుతున్నారు. ఇట్లాంటి పాత సప్లైల్లో టీఎల్ 494 లాంటి చిప్పు ఔట్‌పుట్ వోల్టేజీని చూసుకుంటూ, తగ్గితే ట్రాన్సిస్టర్లను కాస్త ఎక్కువసేపు, పెరిగితే తక్కువసేపు ఆన్ చేస్తుంటుంది. ఆ స్విచింగ్ వేగం పదుల కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది కాబట్టి మామూలుగా మనకు వినపడదు. చిప్పుకూ ఔట్‌పుట్‌కూ మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం కుదురుగా ఉండేది ఔట్‌పుట్ కెపాసిటర్ల లక్షణాల మీదే. వాటి లోపలి నిరోధం, అదే ఈఎస్ఆర్, లెక్కకు మించి ఉంటే చిప్పుకు చేరే సమాచారం తప్పుతుంది. అది ఒకసారి ఎక్కువ ఇచ్చి, తర్వాత తక్కువ ఇచ్చి, తాగినవాడు సైకిలు తొక్కినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడం వేగం స్విచింగ్ కంటే చాలా తక్కువ, సరిగ్గా మన చెవికి అందే చోట పడుతుంది. కాయిల్ తీగలు దానికి వంత పాడతాయి, అంతే. జిగురు పూస్తే పాట ఆగుతుంది, ఊగడం ఆగదు. ఆ ఊగే కరెంటంతా కెపాసిటర్లోనే వేడిగా మారి దాన్ని మళ్లీ ఉబ్బిస్తుంది.

నేను తెచ్చిన కెపాసిటర్ల మీద 85 డిగ్రీలు అని రాసుంది. టీవీలో, ఆంప్లిఫయర్‌లో అవి బాగానే పనిచేస్తాయి. ఎస్ఎంపీఎస్ ఔట్‌పుట్‌కు కావాల్సింది తక్కువ ఈఎస్ఆర్ రకం, 105 డిగ్రీలది. విలువ ఒకటే, వోల్టేజీ ఒకటే, రంగు కూడా ఒకటే, లోపల మాత్రం వేరే వస్తువు. 105 డిగ్రీలని ఉన్నంత మాత్రాన తక్కువ ఈఎస్ఆర్ అని కూడా కాదు, సిరీస్ చూసి కొనాలి.

బావమరిది ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. అక్కడ వోల్టేజీ అలల్ని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్ కింద పెట్టి చూశాం. కంప్యూటర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల మీద అలలు పైనుంచి కిందికి 120 మిల్లీవోల్టులు, 5 మీదా 3.3 మీదా 50 మిల్లీవోల్టులు దాటకూడదు. మాది 12 మీద 200 పైనే ఉంది. అదే టైములో మల్టీమీటరు మాత్రం 12.1 అని బుద్ధిగా చూపించింది! డీసీ రీడింగు ప్లస్ మైనస్ 5 శాతంలో, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే చాలని నేనన్నాళ్లూ అనుకునేవాణ్ని. చెన్నై రిచీ స్ట్రీటులో సరైనవి తెప్పించి వేశాక అలలు 40కి దిగాయి, కూత పూర్తిగా పోయింది. వార్నిష్ పాపం ఏమీ చేయలేదు.

ఇప్పుడు మీది. ముందు ఇది ఎస్ఎంపీఎస్సేనా అని తేల్చుకోండి. మౌస్‌తో పేజీ పైకీ కిందికీ జరుపుతుంటే కూత మారుతోందంటే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు మీది కాయిళ్లు కూడా కావచ్చు. సప్లైని బయట పెట్టి ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఆన్ చేయండి. ఇక్కడ చాలామంది బోల్తా పడేది, లోడు లేకుండా ఆన్ చేసి "అమ్మో, కూస్తోంది" అనుకోవడం. పాత సప్లై ఏ లోడూ లేకపోతే కూయడం, టిక్కుటిక్కుమనడం మామూలే. కారు స్పేర్లు అమ్మే షాపులో 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తెచ్చి పసుపు, నలుపు తీగల మధ్య పెట్టండి, నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఎరుపు లైనుకు, అంటే 5 వోల్టులకు, 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే ఒక ఆంపియర్ దాకా. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదట్లో చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి ఒక్కోసారి సప్లై ట్రిప్ అవుతుంది. అప్పుడు మెయిన్ స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేయండి. ఈ లోడు మీద కూడా కూత ఉంటే తప్పు సప్లైదే.

ఇన్వర్టరు మీద ఉన్నప్పుడే శబ్దం వస్తోందా అన్నది కూడా చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని సప్లైలు గుర్రుమంటాయి, కరెంటు రాగానే బుద్ధిమంతులవుతాయి. దానికి రిపేరు అక్కర్లేదు.

సప్లైదే అని తేలితే మార్చిన నాలుగు కెపాసిటర్లనే ముందు అనుమానించండి. మీద ఏం రాసుందో చదవండి. తర్వాత పోలారిటీ. మైనస్ 12 వోల్టుల లైను దగ్గర, అంటే నీలం తీగ దగ్గర, కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండుకు వెళ్తుంది. అలవాటు కొద్దీ మైనస్‌ను గ్రౌండుకు పెడితే అది సుయ్‌మని వేడెక్కి పేలుతుంది. బోర్డు మీద అచ్చువేసిన గుర్తే చూడాలి, అలవాటు కాదు. ఆ తర్వాత టంకం. ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తే మళ్లీ టంకం పెట్టాలి, అలాంటి చోట కూతకన్నా చిటపట ఎక్కువ వినిపిస్తుంది.

మరీ ఖరీదైనవి వేసినా ఇబ్బందే అని చెబితే ఆశ్చర్యపోతారు. మదర్‌బోర్డుల మీద ఉండే సాలిడ్ పాలిమర్ కెపాసిటర్లు తెచ్చి ఇందులో వేసినవాళ్లకు కూడా కొత్తగా కూత మొదలైన సందర్భాలున్నాయి. సర్క్యూట్ ఒక స్థాయి ఈఎస్ఆర్ ఉంటుందని లెక్కేసుకుని తయారైంది, అది సున్నాకు దగ్గరైపోతే చిప్పు మళ్లీ తడబడుతుంది. పాతది ఏ రకమో అదే రకం మంచిది వేయడం మేలు.

సముద్రపు గాలి సంగతి కూడా చెప్పాలి. రొయ్యల చెరువుల పక్కన మేత షాపులో ఉన్న ఒక సిస్టమ్ సప్లై విప్పితే బోర్డు మీద ఆకుపచ్చ బూజులాంటిది పేరుకుని ఉంది. టంకం పెట్టినప్పుడు మిగిలిన ఫ్లక్సు మీద ఉప్పు తేమ పడితే సన్నగా కరెంటు పారుతుంది, ఉదయం పూట ఎక్కువగా, ఎండెక్కాక తక్కువగా శబ్దం వస్తుంది. కొత్తపట్నం వైపు ఇళ్లలో కూడా ఇదే చూశా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, అరగంట ఎండ. కెపాసిటర్ల కింద గోధుమరంగు పాత జిగురు కనిపిస్తే అదీ గీకేయండి, వయసయ్యాక అది కరెంటు పారనిస్తుంది, తీగల్ని తినేస్తుంది.

విప్పేటప్పుడు మాత్రం టెన్షన్ ఉండాల్సిందే. ప్లగ్గు పీకేసినా లోపల రెండు పెద్ద కెపాసిటర్లలో కలిపి 325 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుతో ఒక్కో దాన్నీ డిస్చార్జ్ చేసి, మీటరుతో సున్నా అని చూశాకే చెయ్యి పెట్టండి. ఆన్‌లో ఉండగా శబ్దం ఎక్కడిదో వెతకాలంటే కాగితం గొట్టం చెవికి పెట్టుకుని దూరం నుంచే వినండి. ప్రైమరీ వైపు, అంటే మెయిన్ కరెంటు వచ్చే వైపు, హీట్‌సింకుల్లో కూడా కొన్నిటికి నేరుగా కరెంటు ఉంటుంది. నాకు రేడియో పని నేర్పిన మామ "ఒక చెయ్యి జేబులో పెట్టుకో అబ్బయ్యా" అనేవాడు. నేనొకసారి జేబులోంచి తీశా, మోచేతి దాకా లాగింది.

ఆ నాలుగు కెపాసిటర్ల మీద రాసున్న అక్షరాలు, డిగ్రీలు ఫొటో తీసి పెట్టండి. పక్కనే ఉన్న పాతవి కూడా పడేట్టు తీయండి, ఏవి మార్చాలో చూసి చెబుతా.