ఖాళీ కుర్చీల మధ్య బిల్లు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు కోరం (కనీస హాజరు) లేదని నిరుడు మూడుసార్లు వాయిదా పడింది. నీళ్ల ట్యాంకర్ రేటు తేల్చడానికే అంత పట్టింపు! టీవీలో లోక్‌సభ చూస్తే సగం కుర్చీలు ఖాళీ, అయినా బిల్లు పాసైపోతుంది. వాళ్లకు కోరం ఉండదా అండీ?
- ఒక గృహిణి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఉంటుందమ్మా. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం పదో వంతు చాలు. అంటే 543 మంది లోక్‌సభలో 55 మంది. అదైనా ఎవరో ఒకరు లేచి "కోరం లేదు" అంటేనే మామూలుగా లెక్కపెడతారు. అననంతసేపూ ఉన్నట్టే! అన్నారా, గంట మోగుతుంది. నేను ఢిల్లీలో విలేఖరిగా ఉన్నప్పుడు ప్రెస్ గ్యాలరీలోంచి చూసేవాణ్ణి. గంట విని ఒకాయన మూతి తుడుచుకుంటూ పరుగున వచ్చేవారు. లెక్క సరిపోయాక మళ్లీ చూస్తే కుర్చీ ఖాళీ.

కుర్చీల మీద నాకంత కోపం లేదు. బిల్లు మీద అసలు కసరత్తు స్టాండింగ్ కమిటీలో జరగాలి. శాఖలవారీ కమిటీలు 1993 నుంచి ఉన్నాయి. అన్ని పార్టీలవాళ్లూ కలిసి కూర్చుని, క్లాజులు తిరగేసి, బయటివాళ్లను పిలిచి అడుగుతారు. కెమెరాలుండవు కాబట్టి అరుపులూ తక్కువే. కాకపోతే బిల్లును అక్కడికి పంపి తీరాలన్న రూలు లేదు.

నా బాధంతా మూజువాణి ఓటు గురించి. ఒప్పుకునేవాళ్లు 'ఆయ్' అంటారు, కాదనేవాళ్లు 'నో' అంటారు, ఏ గొంతు పెద్దదో స్పీకర్ విని చెప్తారు. పేర్లెవరూ రాసుకోరు. మీ ఎంపీ గారు ఔనన్నారో కాదన్నారో రికార్డులో ఎంత వెతికినా దొరకదు. ఎవరైనా 'డివిజన్' అని పట్టుబడితే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు గంట మోగించి, తలుపులు మూసి, బటన్లు నొక్కిస్తారు. అప్పుడే పేరుపేరునా లెక్క తేలుతుంది. రాజ్యాంగ సవరణకైతే డివిజన్ తప్పనిసరి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269-270తో ఓడింది. ఆ రోజు ఖాళీ కుర్చీల ఊసే లేదు, ఆఖరిదాకా అందరికీ టెన్షనే.

మామూలు బిల్లుకు ఆ టెన్షనెక్కడిది? 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, పార్టీ విప్‌ను, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. ఫలితం ముందే తెలిసిన ఆటకు పనిగట్టుకుని ఎవరొస్తారు చెప్పండి! లోక్‌సభలో పాసయ్యాక బిల్లుకు మిగిలేది రాజ్యసభ, రాష్ట్రపతి సంతకం.

ఇంతకీ మీ అసోసియేషన్ రిజిస్టర్లో చెయ్యెత్తినవాళ్ల పేర్లు రాస్తారా? మా విజయనగర్ అపార్ట్‌మెంట్‌లో రాస్తాం. ట్యాంకర్ రేటు పెంచడానికి నేను ఒప్పుకున్నానని మూడో ఫ్లోర్ ఆవిడ ఇప్పటికీ లిఫ్టులో నాతో మాట్లాడరు.