వేర్లు చూసి మురిసింది చాలు, ఇక నాటేయి

పాపా,

ఫోటో చూశాను. గ్లాసు నిండా పుదీనా వేర్లు, ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఇంకా నీళ్లలోనే ఉంచితే రేపు కుండీలోకి మార్చేటప్పుడు నీకే కష్టం. నీళ్లలో పుట్టిన వేరు మెత్తన, పుటుక్కున విరుగుతుంది. మట్టిలో తడి వెతుక్కునే అలవాటూ దానికి ఉండదు. అందుకే అంగుళం, మహా అయితే రెండంగుళాలు రాగానే నాటేయాలి. పుదీనాకి వారం పది రోజులు చాలు. మనీప్లాంటుకి రెండు మూడు వారాలు, మందారానికి నెల పట్టినా పట్టొచ్చు.

మందారం కొమ్మ కుళ్లిపోయిందన్నావే, ఆకులు నీళ్లలో మునిగి ఉంటాయి. కణుపుకి కాస్త కిందగా కోసి, మునిగే భాగంలో ఒక్క ఆకూ లేకుండా తీసేయి. ఒకటి రెండు కణుపులు మునిగితే చాలు, గొంతుదాకా ముంచొద్దు. మొగ్గలుంటే గిల్లేయి, మనసొప్పకపోయినా సరే.

నీళ్లు రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. నిలవ నీళ్లలో గాలి తగ్గి కొమ్మ కుళ్లుతుంది, అదొకటి. డెంగీ దోమ ఇంకొకటి. అది గుడ్లు పెట్టేది ఇలాంటి తేట నీళ్లలోనే, వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. ఉత్తినే నీళ్లు పారబోస్తే పోవు. గుడ్లు నీటి గీతకి పైన గ్లాసు గోడకే అంటుకుని ఉంటాయి. కొబ్బరి పీచుతో లోపలంతా రుద్ది కడుగు.

ఎర్రమన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి కుండీలో పోసి ముందే తడిపి పెట్టుకో. పుల్లతో గుంత చేసి, వేర్లు మడత పడకుండా దించి, చుట్టూ మట్టి వదులుగా రాల్చు. బొటనవేలితో అదిమావో, వేర్లు తెగుతాయి. మొదటి వారం పది రోజులు తడి ఆరనివ్వకు. మీ మిద్దె మీద మాత్రం పెట్టొద్దు, వరండాలో నీడన ఉంచు. రెండు రోజులు తల వేలాడేస్తే కంగారుపడి ఎరువు వేసేవు! కొత్త చిగురు వచ్చాక పొద్దుటి ఎండకి మెల్లగా అలవాటు చెయ్యి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకు. తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటాక లేత మొక్క నిలబడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు పడే రోజులే దీనికి మేలు.

మీ అత్తగారు అడిగిన ఢిల్లీ కనకాంబరానికి విత్తనం పట్టదు, కొమ్మే నాటాలి. నేనైతే దాన్ని గ్లాసులో పెట్టను, నేరుగా తడి ఇసుకలో గుచ్చుతాను.

కరివేపాకు కొమ్మని నీళ్లలో పెట్టి ఎదురుచూడటం దండగ. మన చిత్తూరు ఇంట్లో చెట్టు మొదట్లో పిలకలు లేచాయి. ఈసారి వచ్చినప్పుడు వేరుతో తవ్విస్తాను. బస్సులో పట్టుకెళ్లడానికి గోనెసంచి తెచ్చుకో, ఇక్కడ ఒక్కటీ మిగల్లేదు.

ఇట్లు,
పెద్దమ్మ