‘ఒరిజినల్’ అన్న మాటకు మీరెంత ఇస్తున్నారు?

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. నా 1970 షెవర్లే షెవెల్‌కు అసలు ఇంజను లేదు. ఒకాయన ‘1970 ఒరిజినల్’ 350 (ఘనపు అంగుళాల) ఇంజను 3,800 డాలర్లకు ఇస్తానంటున్నారు. కారులోంచి తీసేటప్పుడు బాగానే నడిచిందట. చేతిలో 2,000 ఉన్నాయి, మిగతాది 24 శాతం వడ్డీ ఉన్న క్రెడిట్ కార్డు మీద పెడదామనుకుంటున్నాను. కొనవచ్చా?

జవాబు: ఇంజను కొనవచ్చు. ఆ ధరకు మాత్రం వద్దు, కార్డు మీద అసలే వద్దు.

ధర పెంచుతున్నది ‘ఒరిజినల్’ అన్న మాట. ముందు దాన్నే తేల్చుకోండి. ఇంజను ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, సిలిండర్ హెడ్‌కు కాస్త ముందు చిన్న చదును చోటు ఉంటుంది. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో పెయింటు తుడవండి. ఫ్యాక్టరీ అక్షరం, నెల, తేదీ, ఇంజను రకం కోడ్, దగ్గర్లోనే ఆ ఇంజను బిగించిన కారు విన్ నంబరు (ఒక్కో కారుకు ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబరు) చివరి అంకెలు కొట్టి ఉంటాయి. చివరి ఆరూ మీ కారువే అయితే కలెక్టర్లు ఎక్కువ ఇస్తారు. ఇంకో షెవెల్‌లోంచి వచ్చిందైతే అది ఆ కారుకు ఒరిజినల్, మీ కారుకు కాదు. ఆ మాటకు మీరు పెట్టిన డబ్బు అమ్మే రోజున తిరిగి రాదు.

అంకెలు సరిపోతే ఇంకా జాగ్రత్తగా చూడండి. ఫ్యాక్టరీ మెషిన్ వదిలిన సన్నని సమాంతర గీతలు ఆ చదును మీద కనిపించాలి. అవి లేవంటే ఎప్పుడో డెక్ మిల్లింగ్ చేసి (హెడ్ కూర్చునే పై తలాన్ని చెక్కి) ఉంటారు, అంకెలు తర్వాత కొట్టినవి కావచ్చు. బ్లాకు (సిలిండర్లు ఉండే ప్రధాన లోహపు దిమ్మ) వెనక పోత నంబరు 3970010 అని చూపించి ‘1970దే’ అంటే నమ్మకండి. ఆ నంబరు 1969 నుంచి దాదాపు పదేళ్లు వాడారు. క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెయిన్ క్యాప్‌లకు రెండు బోల్టులో నాలుగో కూడా అది చెప్పదు. ఆయిల్ పాన్ విప్పాల్సిందే.

ఇక ‘తీసేటప్పుడు నడిచింది’ అన్న మాట. నా క్లయింటు ఒకరు ఇలాగే కొత్త నారింజ రంగు పెయింటు చూసి ముచ్చటపడి 2,900కు ఒకటి కొన్నారు. మెషిన్ షాపులో కడిగాక బ్లాకు పక్కన వెంట్రుకవాసి పగులు బయటపడింది. ఎప్పుడో చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి చీలిన బ్లాకు అది. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే డబ్బు కట్టే ముందే చూపించుకోవచ్చు.

నేలమీద ఉన్న ఇంజనుకైనా లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోంచి గాలి ఎంత కారిపోతుందో కొలిచేది) చేయొచ్చు, కంప్రెసర్, లీక్‌డౌన్ గేజ్ ఉంటే చాలు. ఒక్కో సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టి వినండి. కార్బురేటర్‌లోంచి బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే చోటునుంచి వస్తే పిస్టన్ రింగులు పాడైనట్టు. లీకు 20 శాతం దాటితే రీబిల్డ్ (విప్పి, అరిగినవి మార్చి మళ్లీ బిగించడం) తప్పదనుకోండి. బోరు (సిలిండర్ వ్యాసం) అసలు కొలత 4 అంగుళాలు. ఇప్పటికే 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెంచి ఉంటే వదిలేయండి, మళ్లీ కోయడానికి లోహం మిగలదు.

బేరం లెక్క ఇలా వేస్తాను. రీబిల్డ్‌కు ఎంతవుతుందో షాపు చేత రాయించుకోండి. వాళ్లు 3,200 అన్నారనుకుందాం. వారంటీతో కొత్త 350 ఇంజను 4,500కు దొరుకుతోందనుకుందాం. అప్పుడు ఈ పాతదానికి మీ గరిష్ఠ ధర 1,300. టెస్టుల్లో బాగుందని తేలితే కొంచెం పెంచండి. టెస్టుకే ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి, 350లకు కొరత లేదు.

కార్డు మీద 1,800 పెడితే వడ్డీయే నెలకు 36 డాలర్లు, కారు ఇంకా గ్యారేజీలో కదలకుండా ఉండగానే. చేతిలో ఉన్న 2,000 అత్యవసర నిధిలోవైతే వాటినీ తాకకండి. మీరు హెచ్-1బి మీద ఉంటే ఉద్యోగం పోయాక దొరికేది 60 రోజుల గడువే. ఆ రోజుల్లో అద్దె కట్టాల్సిన డబ్బు అది. విడిగా నెలకు 300 పక్కన పెడితే, వచ్చే ఏడాది ఈపాటికి 3,600 డాలర్లు చేతిలో ఉంటాయి.