దివ్యాంగులా? వికలాంగులా?

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాది ఆహ్వానంలో 'దివ్యాంగులకు ప్రత్యేక దారి కలదు' అని వేశాం. పెద్దాయన ఒకరు 'వికలాంగులకు' అన్నదే అసలు తెలుగన్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: రెండూ సంస్కృతమే, పెద్దాయనకు నా మాటగా చెప్పండి. 'దివ్యాంగ' 2015 చివర్లో ప్రధాని నోట హిందీలో వెలువడి మనదాకా వచ్చింది. 'వికల' అంటే కల, అనగా భాగం, లోపించినది. మీ తగవు పూర్వపదం మీద. చిక్కేమో 'అంగ'లో ఉంది. 1995 చట్టంలో వైకల్యాలు ఏడు రకాలు, 2016 చట్టంలో 21. తలసీమియా, హీమోఫిలియా వంటి రక్తవ్యాధులు కూడా చేరాయి. అక్కడ ఏ అంగాన్ని వికలమనాలి, దేన్ని దివ్యమనాలి?

గుడ్డి, చెవిటి మోటు, అంధ, బధిర మర్యాద అని ఇంకో నమ్మకం. ప్రహ్లాద చరిత్రలో పోతనను చూడండి: 'అంధేందూదయముల్ మహాబధిర శంఖారావముల్ మూక సద్గ్రంథాఖ్యాపనముల్'. అంటే అంధులకు చంద్రోదయాలు, బొత్తిగా చెవిటివారికి శంఖనాదాలు, మూగవారి సద్గ్రంథ ప్రవచనాలు. ఏమి శార్దూలం! పదమూడో అక్షరం 'ఖా'. శంఖ, ఆరావ కలిసినచోటి ఆకారమే మొదటి 'అం'తో యతి. పద్యమంతా 'ంధ', 'ంథ' ప్రాస. కానీ ఈ శుద్ధ సంస్కృత సమాసాలన్నీ హరిభక్తి లేనివారి వ్యర్థ సంసారాలకు ఉపమానాలు. 'అంధ' తీసి 'గ్రుడ్డి' పెడితే యతిప్రాసలు కూలతాయి గాని మర్యాద ఒక్క మాత్ర కూడా పెరగదు, తరగదు. ఆ రోజుల్లో మూగవారి బదులు సద్గ్రంథం చదివిపెట్టే ఫోను లేదు లెండి.

'విభిన్న ప్రతిభావంతులు' మరీ విడ్డూరం. ర్యాంపు అడిగినవారు ప్రతిభ చూపించాలా?

సర్కారు దరఖాస్తులో అక్కడున్న మాటే రాయండి. మామూలు రాతలో 'వికలాంగులు' తప్పనలేను. వద్దన్నవారి దగ్గర పట్టుబట్టనూ లేను. ఆహ్వానంలో మాత్రం మనుషులకు పేరెందుకు, దారికి పెట్టండి: 'తూర్పు గేటు పక్కన మెట్లు లేని దారి ఉంది'. చక్రాల కుర్చీవారికీ, మోకాళ్ల నొప్పుల మామ్మగారికీ తెలుస్తుంది. ఉందని రాసేముందు కొలవండి. వాలు ఒకటికి పన్నెండు: గడప 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 540 సెంటీమీటర్ల పొడవుండాలి. పొట్టి చెక్కబల్ల వాల్చితే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

ఇంకొకటి, ఇది మీరడగలేదు. ఆహ్వానాన్ని బొమ్మగా వాట్సాప్‌లో పెడితే చూపులేనివారి ఫోనుకు చదివి వినిపించడానికి అక్షరాలు దొరకవు. 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్ అయినా అంతే: మన అక్షరాలు అక్కడ ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చున్నాయి గనుక అర్థంలేని శబ్దాలే వినిపిస్తాయి. బొమ్మ కిందనే మొత్తం పాఠం యూనికోడ్‌లో టైపు చేసి పంపండి.