క్రోమియంకు +10 ఎలా వచ్చింది?

ప్రశ్న: క్రోమియం పెంటాక్సైడ్ అణువులో ఒక క్రోమియం, 5 ఆక్సిజన్లు ఉంటాయి కదా. ఆక్సిజన్‌కు −2 చొప్పున వేస్తే క్రోమియం ఆక్సీకరణ సంఖ్య +10 వస్తోంది. పుస్తకంలో జవాబు +6 అని ఉంది. తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని

జవాబు: కూడికలో తప్పు లేదు. 5 ఆక్సిజన్లనూ ఒకే గాటన కట్టడంలో ఉంది. ఆక్సీకరణ సంఖ్య అంటే పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయినట్టో (+), పొందినట్టో (−) చెప్పే లెక్క. అసలు +10 చూడగానే అనుమానం రావాలి. క్రోమియం వేలెన్సీ ఎలక్ట్రాన్లు (బంధాల్లో పాల్గొనగలిగేవి) ఆరే. అన్నీ పోయినా +6 దాటదు.

'ఆక్సిజన్ −2, హైడ్రోజన్ +1' అన్నవి అడ్డదారులు. అసలు పద్ధతి వేరు: బంధంలోని రెండు ఎలక్ట్రాన్లనూ రుణవిద్యుదాత్మకత (ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) ఎక్కువున్న పరమాణువు ఖాతాలో వేయాలి. రెండు వైపులా ఒకే మూలకం ఉంటే చెరొకటి, అంటే ఆ బంధం వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు.

ఇప్పుడు నిర్మాణం గీయండి. ఒక ఆక్సిజన్ క్రోమియంతో ద్విబంధంలో ఉంటుంది, దానికి −2. మిగతా నాలుగూ రెండు పెరాక్సైడ్ జంటలు. జంటలో ఒక్కో ఆక్సిజన్‌కు క్రోమియంతో ఒకే బంధం, రెండోది తోటి ఆక్సిజన్‌తో. కాబట్టి ఒక్కోదానికి −1. మొత్తం −6, క్రోమియంకు +6.

ఇది మార్కుల కోసమే కాదు. ఆమ్లీకృత డైక్రోమేట్ ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే వచ్చే ముదురు నీలం ఈ పదార్థమే. నారింజ రంగు పోయింది కనుక క్రోమియం క్షయకరణం చెందిందని, అంటే ఎలక్ట్రాన్లు పొంది దాని ఆక్సీకరణ సంఖ్య తగ్గిందని చాలామంది రాసేస్తారు. డైక్రోమేట్ అయాన్‌లో 7 ఆక్సిజన్లకు −14, అయాన్ ఆవేశం −2, కనుక 2 క్రోమియంలకు +12. ఒక్కోదానికి +6. నీలంలోనూ అంతే! క్షయకరణం జరిగేది ఆ తర్వాత: నీటిలో నీలం ఎక్కువసేపు నిలవదు, ఆక్సిజన్ బుడగలు వదులుతూ +3 క్రోమియంగా మారుతుంది. ఈథర్ పొరలోకి లాగితే ఇంకాస్త సేపు ఉంటుంది.

ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఆక్సిజన్‌కు +2 రావడానికీ కారణం ఇదే. రుణవిద్యుదాత్మకతను కొలిచే పౌలింగ్ స్కేలుపై ఫ్లోరిన్ 3.98, ఆక్సిజన్ 3.44.

ప్రశ్న: టెట్రాథయోనేట్‌లో సల్ఫర్‌కు +2.5 వస్తోంది. అర ఎలక్ట్రాన్ పోవడం సాధ్యమా?
– ఒక పాఠకుడు

జవాబు: సాధ్యం కాదు, అది సగటు. టెట్రాథయోనేట్ అయాన్‌లో 4 సల్ఫర్లు వరుసగా గొలుసులా ఉంటాయి. మధ్య రెండింటికీ రెండు పక్కలా సల్ఫర్లే కనుక 0. చివరి రెండింటికీ ఆక్సిజన్లు అంటుకుని ఉండటంతో +5. మొత్తం 10, నాలుగుతో భాగిస్తే 2.5.

అయినా సమీకరణం తుల్యం చేయడానికి సగటు చాలు. థయోసల్ఫేట్ అయోడిన్‌తో చర్య జరిపి టెట్రాథయోనేట్‌గా మారేటప్పుడు సల్ఫర్ సగటు +2 నుంచి +2.5కు పెరుగుతుంది. ఆ 0.5ను అలాగే వాడితే లెక్క కుదరదు, 4 సల్ఫర్లతో గుణించాలి: 2 ఎలక్ట్రాన్లు. ఒక అయోడిన్ అణువు తీసుకునేదీ రెండే. అందుకే 2 థయోసల్ఫేట్ అయాన్లకు ఒక అయోడిన్ అణువు సరిపోతుంది.