తాతగారి నాటి రాతి ఇల్లు భూకంపానికి ఆగుతుందా, కూల్చేయాలా?

ధర్మాబాద్ నుంచి మీరు అడిగింది చదివాను. 2024 జూలైలో హింగోలి వైపు భూమి అదిరినప్పటి నుంచి మీ అమ్మగారు లోపల పడుకోవడానికే భయపడుతున్నారని, మేస్త్రీ మాత్రం "మన వైపు భూకంపాలు రావు" అంటున్నాడని రాశారు. మాది దెగ్లూర్. మాదీ అలాంటి రాతి గోడల, మట్టి మిద్దె ఇల్లే.

ముందు మేస్త్రీ మాట సంగతి. మన మహారాష్ట్రలోనే, లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతం అప్పటి భూకంప పటంలో జోన్ 1లో ఉండేది, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని. 1993 సెప్టెంబర్ 30న, గణపతి నిమజ్జనం చేసి జనం పడుకున్న రాత్రి, తెల్లవారుజామున 4 కావస్తుండగా అక్కడే 6.2 తీవ్రతతో వచ్చింది. దాదాపు 10 వేల మంది పోయారు. 2002లో పటాన్ని సవరించినప్పుడు జోన్ 1 అనేదే తీసేశారు.

అప్పుడు నాకు 14 ఏళ్ళు. మూడో రోజు నాన్నతో ఉమర్గా వైపు, మేనత్త వాళ్ళ ఊరికి వెళ్ళాను. అక్కడ సగం కూలి నిలబడ్డ ఒక గోడ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. రెండడుగుల పైన మందం. బయట ఒక వరస రాళ్ళు, లోపల ఒక వరస, మధ్యలో మట్టి, గులకరాళ్ళు. రెండు వరసలనూ కలిపి పట్టుకునే రాయి ఒక్కటి కూడా లేదు. అదురుకు ఆ రెండూ చెరో పక్కకీ విడిపోయాయి, పైనున్న మిద్దె దిగిపోయింది. 12 అడుగులకు 10 అడుగుల గది మీద అడుగు మందం మట్టి ఉంటే దాని బరువే 5 టన్నులు. మన మిద్దెల మీద ప్రతి వానాకాలం ముందు కారకుండా ఇంకో తట్ట వేస్తూనే ఉంటాం కదా.

అయినా కూల్చక్కర్లేదు, గోడ బాగుంటే. మేము 2015లో ఇలా చేశాం. మొదట మిద్దె మీది మట్టి చాలావరకు దించాం. తర్వాత గోడలో అక్కడక్కడ చిన్న గడ్డపారతో మెల్లగా రాళ్ళు కదిపి, ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం చేసి, రెండు చివర్లా కొక్కెం వంచిన కడ్డీ పెట్టి కాంక్రీట్ నింపాం. సుత్తితో బాదనివ్వకండి, గోడ ఇంకా వదులవుతుంది. ద్వారాల పైన, లోపలా బయటా ఇల్లంతా చుట్టి వచ్చేలా వెల్డ్ మెష్ (ఇనుప జాలి) కొట్టి సిమెంట్ పూశాం. మూలల దగ్గర మెష్ తెగకూడదు, అదే ప్రాణం. మిద్దెను మోసే కర్ర స్తంభాలకు, దూలాలకు మధ్య ఏటవాలు చెక్కలు బిగించాం. కొత్తగా రాతి గోడ కడితే, ఇలాంటి ఇళ్ళకున్న భారత ప్రమాణం ఐఎస్ 13828 చెప్పినట్టు ప్రతి 2 అడుగుల ఎత్తుకు, 4 అడుగుల దూరం మించకుండా, గోడ మందమంతా పోయే పొడుగు రాయి పెట్టించండి.

పక్కన పిల్లర్లతో గది వేస్తామన్నారు. అక్కడ పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగులు చూడండి. మా మేస్త్రీ రింగు చివరి కొక్కేలను 90 డిగ్రీలకే వంచాడు. అలా ఉంటే గట్టిగా ఊగినప్పుడు రింగు విచ్చుకుంటుంది. చివర లోపలి కాంక్రీట్‌లోకి దిగేలా 135 డిగ్రీలు వంచాలి. నేను పట్టుబట్టి కట్టినవన్నీ విప్పించాను. రెండు రోజుల కూలీ అదనంగా పడింది, ఇంట్లో టెన్షన్ కూడా. అయినా మీరూ విప్పించండి.

ఒక్కరే చేస్తే ఖర్చెక్కువ. మా వీధిలో ఆరు ఇళ్ళవాళ్ళం కలిసి మెష్ చుట్టలు కొన్నాం, ఒకే మేస్త్రీని పెట్టుకున్నాం. లాతూర్ పునర్నిర్మాణంలో ఊరూరా ఆడవాళ్ళను సంవాద్ సహాయకులుగా పెట్టారు. ఇంటి మరమ్మతు ఎలా చేయించాలో ఇంటింటికీ వాళ్ళే వివరించారు. మా వీధిలో రోజూ నిలబడి పని చూసింది కూడా మా వదినే. మీ అమ్మగారిని ఇందులో కలుపుకోండి, ఆవిడ భయం కూడా కాస్త తగ్గుతుంది.

ఈలోగా అటక మీది బరువులు దించండి, అమ్మగారి మంచం రాతి గోడ పక్క నుంచి తలుపు దగ్గరికి జరపండి. గోడ వెంట ఒక దారం లాగి పట్టుకుని, ఎక్కడైనా పొట్ట వచ్చిందేమో చూడండి. వస్తే ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు, ఇంజనీర్‌ను పిలిచాకే చెయ్యి పెట్టండి.